గోడకు ఎంత నంబరు?

సారు: బల్ల మీద ఊరు కట్టినవు. గూనపెంక ఇండ్లు, గడి, బురుజు, నడుమ సందులు, ఆఖరికి చేదబాయి సుత పెట్టినవు. చేతిపని బాగున్నది, అందుల మాట లేదు. ఒక్కటి మాత్రం అడుగుత. గీ ఇండ్లల్ల ఉండెటోళ్లు ఏరి?

ఆటగాడు: ఇండ్లల్ల ఎవ్వరు లేరు సార్. ఇది పోరు జరిగే పూట. బల్ల మీద రెండు దిక్కుల కొట్లాడెటోళ్లే ఉంటరు. ఇల్లంటే ఆటల ఒక చాటు. చాటుకున్నోనికి దెబ్బ తగిలే వీలు తగ్గుతది, దానికో అంకె ఉంటది. 1985ల అమెరికాల వచ్చిన 'అడ్వాన్స్‌డ్ స్క్వాడ్ లీడర్' అనే ఆటల కట్టె ఇంటికి రెండు, రాతి ఇంటికి మూడు. కాల్చెటోడు రెండు పాచికలు ఏస్తడు, చాటు అంకె దానికి కలుస్తది. ఆ ఆటల తక్కువ పడితేనే కాల్చినోనికి లాభం. అందుకే రాతి గోడ ఎనక ఉన్నోడు బతికి బయటపడతడు.

సారు: రాతి గోడకు మూడు. మంచిది. 1946 జూలై 4న కడవెండిల ఊరేగింపు పోతున్నది, జనం చేతుల్ల కర్రలు. విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు గడిల నుంచి కాల్చిన్రు, దొడ్డి కొమురయ్య పడిపోయిండు. ఆ గడి గోడకు మూడు ఇస్తవు. రెండేండ్లకు, 1948 ఆగస్టు 27న, బైరాన్‌పల్లి ఊరోళ్లు బురుజెక్కి నిజాం దిక్కు రజాకార్లతోటి కొట్లాడిన్రు. ఆ బురుజుకు సుత మూడే ఇస్తవు. ఒక గోడ చాటున ఉండి మనిషిని చంపిన్రు. ఇంకో గోడ చాటున మనుషులు బతుకుదామని చూసిన్రు. పైగ గడి గోడలు ఎవరు లేపిన్రు? ఆ గడి తుపాకికి ఎదురు నిలబడ్డోళ్ల అయ్యలు, తాతలే వెట్టికి రాళ్లు మోసిన్రు. రెండూ మూడే అంటే నాకు మనసొప్పుతలేదు.

ఆటగాడు: తూటా గోడ ఎవరిదని అడగదు సార్. నా ఆట సుత అడగదు, అందుకే దాన్ని నమ్ముత. పుస్తకాలల్ల 'వీరోచితంగా పోరాడారు' అని ఒక్క ముక్క రాసి పక్కకు జరుగుతరు. ఎట్ల పోరాడిన్రు? బురుజు మీది నుంచి ఏ సందు కనవడతది, ఏది కనవడదు? నాకైతే ఇవి కట్టినంకనే తెల్సినయ్. నా బొమ్మలు 28 మిల్లీమీటర్లవి, అసలు మనిషిల 56వ వంతు అనుకోండ్రి. ఊర్ల ఆరడుగుల సందు బల్ల మీద మూడు సెంటీమీటర్లకు జర ఎక్కువ. బొమ్మ కింది పీట 25 మిల్లీమీటర్లు. పక్కపక్కన ఇద్దరు పట్టరు. యాభై మంది వచ్చినా ఆ సందుల ముందుండేది ఒక్కడే, మిగిలిన నలభై తొమ్మిది మంది వాని వీపు చూసుకుంట నిలబడాలె. దీనికి నేను ఏ రూలూ రాయలే. సందే రాసింది.

సారు: ఇది ఒప్పుకుంట. ముప్పై ఏండ్లు సోషల్ చెప్పిన. బోర్డు మీద తేదీలు రాసిన గని ఎన్నడూ సందు గియ్యలే. అయితే నీ లెక్కనే నీకు అప్పజెప్త. 56వ వంతు అంటివి. నీ ఆటల రైఫిల్ ఎంత దూరం కొడతది?

ఆటగాడు: దూరాలకు 'బోల్ట్ యాక్షన్' అనే ఆట రూల్సు తీస్కున్న. ఇంగ్లండుల 2012ల వచ్చినయ్. రైఫిల్‌కు 24 అంగుళాలు.

సారు: 56 తోటి గుణించు. 1344 అంగుళాలు, అంటే 112 అడుగులు. 34 మీటర్లు! అసలు రైఫిల్ ఈ వాడకట్టు కొస నుంచి ఆ కొసకు సుత కొట్టదా? మనిషినీ ఇంటినీ ఒక గజంతోటి కొలిచి, తూటాను ఇంకో గజంతోటి కొలిస్తివి. బట్టల షావుకారి ఇట్ల కొలిస్తే ఊకుంటమా?

ఆటగాడు: దొరికిపోయిన. తూటాను అదే కొలతల ఉంచితే మూడొందల మీటర్లకు బల్ల మీద ఐదు మీటర్లకు పైన గావాలె. ఆరడుగుల బల్ల ఏడ సరిపోతది? దాదాపు అన్ని బొమ్మల పోరు ఆటలల్ల ఈ అబద్ధం ఉన్నది. కానీ ఒక సంగతి చూడండ్రి. బయలు మైదానంల ఆడితే ఈ అబద్ధం కొండంత. ఊర్ల ఆడితే చిన్నగైతది. సందు వంకర తిరిగిన కాడ, ప్రహరీ అడ్డమొచ్చిన కాడ మనిషి కన్ను ముప్పై నలభై మీటర్లు దాటదు. కనవడనోన్ని ఎంత పెద్ద తుపాకైనా ఏం జేస్తది? ఊరి పోరు బల్ల మీదికి వచ్చినంత నిజంగ బయలు పోరు రాదు. ఇంకోటి, ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు బల్ల అసలు కొలతల వంద మీటర్లు, డెబ్బై మీటర్లు. అది ఊరు కాదు సార్, ఒక్క వాడకట్టు. నేను ఆడుతున్నది వాడకట్టు.

సారు: వాడకట్టు అంటే నా దగ్గరికే వచ్చినవు. వాడకట్టుకు పేరుంటది. కుమ్మరోళ్ల వాడ, సాలోళ్ల వాడ. సాలోళ్ల ఇంట్ల నేల మీద ఏముంటది? గుంటమగ్గం. నీ సైనికుడు తలుపు తన్ని లోపటికి దుంకుతడు, నడుముల్లోతు గుంట కనవడతది, దాంట్ల కూసుంటడు. నువ్వు దానికి సుత ఒక అంకె ఇస్తవు. ఆ మగ్గం మీద సగం నేసిన చీర ఉంటది. ఆ చీరకు నూలు అప్పు తెచ్చి ఉంటరు. ఆ అప్పుకు నీ కాడ అంకె ఉన్నదా?

ఆటగాడు: లేదు. ఏ ఆటల లేదు. కానీ సార్, మీరు అన్నంక నాకు గుంటమగ్గం యాదికొచ్చింది చూడండ్రి, ఇగ దాన్ని కడత. మీకు చెప్పలేదు గాని, నేను ఈ పని మొదలువెట్టింది ఆట కోసం కాదు. మా పక్కింటి పాత ఇల్లు కూలగొడుతుంటే టేపు పట్టుకొని ఉరికిన. దర్వాజ ఎత్తు ఐదడుగులకు తక్కువ. అప్పట్ల మనుషులు పొట్టిగుండిరి అనుకుంటిమి గద? పొట్టి కాదు, వచ్చెటోడు తల వంచి రావాలె. వంచిన తలకు లోపలున్నోడు ముందుగాల కనవడడు. గోడ మందం రెండడుగుల పైన. ఇప్పుడు ఆడ స్లాబు ఇల్లు లేచింది. ఆ పాత ఇల్లు ఇగ ఈ బల్ల మీదనే ఉన్నది. థర్మాకోల్ గోడ, కొబ్బరి పీచు గడ్డికప్పు, ఎంసీల్ తోటి ఒక్కొక్క గూనపెంక, చెల్క మట్టి జల్లించి చల్లిన నేల. దీన్ని ఆట అన్నరు కాబట్టి పిలగాండ్లు చుట్టు మూగిన్రు. మ్యూజియం అంటే ఒక్కడు రాకపోవు.

సారు: ఆ మాట నిజం. మన మోత్కూర్ల నా చిన్నప్పటి ఇండ్లు వేళ్ల మీద లెక్కవెట్టచ్చు. నువ్వు కొలిచి పెట్టినందుకు నీకు దండం పెట్టాలె. కానీ బిడ్డా, కొలిచి పెట్టి ఊకున్నవా? అదే ఇంటి గోడ పగలగొట్టను రూలు సుత రాసినవు. ఇప్పుడే చూసిన ఆ కాయితంల, 'గోడకు కన్నం' అని.

ఆటగాడు: అది నేను ఊహించి రాసింది కాదు. 1943 డిసెంబర్ల ఇటలీల ఓర్టోనా అనే పట్నంల కెనడా సిపాయిలు జర్మన్లతోటి కొట్లాడిన్రు. వీధిలకు వస్తే మీది నుంచి తూటాలు. అందుకని ఒక ఇంట్ల దూరి, పక్కింటి గోడకు కన్నం కొట్టి, అట్లనే ఇల్లింటికి పోయిన్రు. వీధిల అడుగు పెట్టలే. ఊరి పోరుల దారి అంటే వీధి కాదు, గోడ అని నాకు అది చదివినంక తెల్సింది. మన ఇండ్లు సుత ఒకదాన్నొకటి ఆనుకొని ఉంటయ్, నడుమ గోడ ఒక్కటే. అందుకే ఆ రూలు మన కాడ ఇంక బాగ అతుకుతది.

సారు: మన కాడ కన్నం ఏసెటోనికి ఒకటే పేరు, దొంగ. సరే, సిపాయి కొట్టిండు, పోయిండు. నీ ఆట ఎన్ని వంతులు?

ఆటగాడు: ఆరు. పాచిక పడితే ఏడు.

సారు: ఎనిమిదో వంతుకు వాన పడతది. బైరాన్‌పల్లి సంగతి ఆగస్టుల జరిగింది, నడి వానకాలం. మట్టిగోడకు కన్నం పడి, దాంట్లకు నీళ్లు దిగితే మూడు రోజులల్ల కూలుతది. ఆ ఇంటామె ఎర్రమట్టి తోటి ఏటేటా అలికి నిలబెట్టుకున్న గోడ అది. నువ్వు ఆట ఎత్తి డబ్బాల పెట్టినంక ఆమె ఆట మొదలైతది. నీ రూల్సు తప్పని అంటలేను, పొట్టిగున్నయ్ అంటున్న.

ఆటగాడు: ప్రతి ఆటకూ ఒక ఆఖరి వంతు ఉండాలె సార్. కథకు సుత ఉంటది. మీరు చెప్పిన సోషల్ పాఠానికి సుత గంట కొట్టేటోళ్లు గద. నలభై ఐదు నిమిషాలల్ల తెలంగాణ పోరాటం ఐపోయేది.

సారు: గంట మాట బాగ కొట్టినవు. నడువు. ఇంకోటి అడుగుత. ఈ ఆటలల్ల రెండు దిక్కుల బలం సమానం చేస్తరట. వెయ్యి పాయింట్లకు వెయ్యి పాయింట్లు. ఒక దిక్కు రైఫిళ్లు. ఇంకో దిక్కు బర్మార్లు, వడిసెలలు, గుత్పలు, ఆడోళ్ల చేతుల్ల కారంపొడి, రోకళ్లు. ఏ ఊర్ల బలం సమానంగ ఉండె చెప్పు? సమానం చేసుడే పెద్ద అబద్ధం కాదా?

ఆటగాడు: బలం సమానం చెయ్యలే సార్, గెలుపును వేరువేరుగ రాసిన. పులిజూదం మీరు ఆడలేదా? బండ మీద గీసుకొని ఆడేది. మూడు పులులు, పదిహేను మేకలు. పులి మేక మీది నుంచి దుంకి తింటది. మేక పులిని ముట్టనన్న ముట్టలేదు. అయినా అది ఒక దిక్కు ఆట కాదు. పులికి గెలుపంటే తినుడు, మేకకు గెలుపంటే దారులు మూసుడు. మూడు పులులకు ఏడికీ కదలరాకుంటే మేకలది గెలుపు. ఊరి పోరు గదే. వచ్చినోడు బురుజు పట్టాలె. ఊరోళ్లు తెల్లారేదాక నిలబడితే చాలు. చెయ్యి తక్కువున్నోనికి సందు తోడైతది. ఈ లెక్క మన తాతలు బండ మీద గీసి పెట్టిన్రు, పడమటోళ్ల పుస్తకంల నేర్చుకున్నది కాదు.

సారు: నా చిన్నప్పటి ఆటనే నా మీదికి ఉసిగొల్పినవు. ఒప్పుకుంట, పులిజూదం కంటే మంచి ఉపమానం నేను సుత చెప్పలేకపోదు. కానీ పులిజూదంల చచ్చిన మేకను ఏంజేస్తం? బండ పక్కకు పెడతం. ఆట ఐనంక మళ్ల చేతిలకు తీస్కుంటం. బైరాన్‌పల్లిల అంతకు ముందు వచ్చినోళ్లను ఊరోళ్లు తరిమిన్రు. ఆ రోజు దాడికొచ్చినోళ్లు ఫిరంగులు తెచ్చి బురుజును కొట్టిన్రు. బురుజు లొంగినంక సుత ఐపోలే. దొరికినోళ్లను వరుసగ నిలవెట్టి కాల్చిన్రు. అది నీ ఎన్నో వంతు?

ఆటగాడు: అది నా ఆటల లేదు. మరిచిపోయి కాదు, కావాలనే పెట్టలే. తూటాకు ఎదురు తూటా ఉన్నంత సేపే ఆట. ఒక దిక్కు చేతులు ఖాళీ అయినంక జరిగేది పోరు కాదు. దానికి పాచిక ఏసుడు పాపం.

సారు: పాపం అన్నవు, సంతోషం. కానీ దాంతోటి ఇంకో తప్పు జరుగుతది. నీ ఆట బురుజు మీది ధైర్యం చూపిస్తది, బురుజు కింది వరుసను దాస్తది. పోరడు ఒక పూట ఆడి, పాచికలు బాగ పడి, ఇంటికి పోయి 'బైరాన్‌పల్లి గెలిచినం' అని చెప్తడు. గెలువలే బిడ్డా. ఊరోళ్లు ఓడి, సచ్చి, పేరు నిలబెట్టుకున్నరు. గెలిచే వీలు పెట్టినప్పుడే నువ్వు చరిత్రను మార్చినవు.

ఆటగాడు: ఆ మాట తగిలింది సార్. కానీ మీరు చెప్పే తీరు సుత ఒక లోపం చేస్తది. ముందే ఓటమి తెల్సిన కథ చెప్తే, ఆ పూట బురుజు మీద ఉన్నోళ్లకు అది తెల్వదని పిలగాండ్లు మరిచిపోతరు. వాళ్లు సచ్చిపోదామని ఎక్కలే. నిలబడగలం అనుకొని ఎక్కిన్రు, అంతకు ముందు నిలబడ్డరు గనుక. ఫిరంగి వచ్చేదాక వాళ్ల లెక్క తప్పలే. ఆ 'నిలబడగలం' అనేది ఎట్లుంటదో పాఠంల రాదు. పాచిక చేతిల పట్టుకున్నప్పుడు వస్తది, అది పడేదాక.

సారు: ...ఇది నేను ఆలోచించలే. సరే. అయితే మొదటి ప్రశ్న ఇంక అట్లనే ఉన్నది. ఇండ్లల్లోళ్లు ఏరి?

ఆటగాడు: దానికోసం ఒకటి చేసిన, చూపిద్దామా వద్దా అని ఆగిన. 1824ల ప్రష్యాల రైస్విట్జ్ అనే ఆఫీసరు సైన్యానికి ఒక యుద్ధపు ఆట చేసిండు. దాంట్ల ఇద్దరు ఆడతరు, మూడో మనిషి నడుమ కూసొని ఎవరికి ఏం కనవడతదో తీర్పు చెప్తడు. ఆ మూడో కుర్చీ తీస్కున్న, తీర్పు తీసేసిన. ఆ కుర్చీల కూసున్నోడు ఇండ్లల్లోళ్లను ఆడతడు. పన్నెండు బొమ్మలు. ముసలోళ్లు, పిల్లలు, గింజల మూట, ఒక బర్రె. వాళ్లు ఎవర్నీ కొట్టలేరు. ఊరు దాటి వాగుకు చేరుడే వాళ్ల పని. పోయిన ఆదివారం ముగ్గురం ఆడినం. మూడో కుర్చీల పదో తరగతి పిలగాడు. రెండో వంతుల వాని బర్రె సందుల అడ్డం నిలబడ్డది. దాంతోటి ఊరి దళం ముందుకు పోరాదు, అవుతలోళ్లు ఇవుతలికి రారాదు. ఇద్దరం ఒక్కసారే వాని మీద గయ్‌మన్నం, 'అరేయ్ అడ్డం లెవ్వురా' అని.

సారు: ఇద్దరూనా?

ఆటగాడు: ఇద్దరం. ఊరి దిక్కు ఆడింది నేనే సార్. ఊరు కాపాడుతున్న అనుకుంట, ఊరోన్ని లెవ్వుమన్న.

సారు: అయితే ఆ పూట నువ్వు నిజంగ ఊరు ఆడినవు. అది ఏ పుస్తకంల రాయరు. మంచోళ్ల తుపాకి ముందు సుత మామూలు మనిషి అడ్డమే అయితడు. దీనికి నేను చప్పట్లు కొడత. ఇగ చెప్పు, వాగు దాటిన మనిషికి ఎన్ని పాయింట్లు పెట్టినవు?

ఆటగాడు: అదే చెప్పుడు ఇష్టం లేదు నాకు.

సారు: చెప్పు.

ఆటగాడు: ముసలమ్మకు రెండు. బర్రెకు మూడు. బర్రె పోతే ఆ ఇల్లు ఏడాదంత ఎట్ల బతుకుతదని మూడు పెట్టిన. పిలగాడు లెక్క చూసుకున్నడు. బర్రెను వాగు దాటించిండు, ముసలమ్మను అరుగు మీదనే వదిలేసిండు.

సారు: వాని తప్పు కాదు.

ఆటగాడు: వానిది కాదు, నాది. మరునాడే పాయింట్లు కొట్టేసిన. ఇప్పుడు మూడో కుర్చీకి గెలుపూ లేదు, ఓటమీ లేదు. ఆఖరుకు ఎవరెవరు దాటిన్రు, ఎవరు దాటలే అని పేరుపేరున చదువుతం, అంతే. కానీ పాయింట్లు తీసేసినంక ఆ కుర్చీల ఎవ్వరు కూసుంటలేరు. 'గెలువనిదానికి ఎందుకు ఆడాలె' అంటున్నరు.

సారు: పాయింట్లు పెడితే మనిషికి ధర కట్టినట్టు. పెట్టకుంటే కుర్చీ ఖాళీ. ఈ ముడి నువ్వు ఏసింది కాదు, ఆట అనేదాంట్లనే ఉన్నది. అందుకే నా మాట వినమంటున్న. కొన్ని సంగతులు పాటకు, ఒగ్గు కథకు, పాఠానికి వదిలెయ్యి. ఆటకు తేకు.

ఆటగాడు: పాట సుత ధర కడతది సార్. ఎవరి పేరు పాటలకు ఎక్కింది, ఎవరిది ఎక్కలే? ఆటే కొన్నింటిని చెప్పగలదు. 2009ల బ్రెండా రొమెరో అనే ఆమె 'ట్రెయిన్' అనే ఆట చేసింది. రైలు డబ్బాలల్ల మనుషుల బొమ్మలు కుక్కి, ముందుగాల గమ్యం చేర్చుడు పని. అందరు పోటీవడి కుక్కుతరు. చేరినంక కాయితం తిప్పితే ఆష్విట్జ్ అని ఉంటది. ఆడినోళ్లల్ల కొందరు ఏడ్చిన్రు. పుస్తకం చదివితే 'వాళ్లు చేసిన్రు' అనుకుంటం. ఆ ఆటల కుక్కింది మన చెయ్యే.

సారు: గట్టి ఉదాహరణ. కానీ ఆ కాయితం ఒక్కసారే తిరుగుతది. తెల్సినంక ఆ ఆట ఎవరు మళ్ల ఆడతరు? నీది ఆదివారం ఆదివారం ఆడే ఆట. మొదటి ఆదివారం ముసలమ్మ అరుగు మీద ఉంటే కండ్లల్ల నీళ్లొస్తయ్. పదో ఆదివారం ఆ అరుగుకు అంకె ఎంత అని అడుగుతరు. దుఃఖం అలవాటైతది బిడ్డా. హెచ్.జి.వెల్స్ సంగతి నువ్వే ఒకసారి చెప్పినవు. 1913ల 'లిటిల్ వార్స్' రాసిండు, బొమ్మ సైనికులతోటి ఆడితే అసలు యుద్ధం ఎంత తెలివితక్కువదో తెలుస్తది అన్నడు. మరుసటేడు ఏమాయె?

ఆటగాడు: మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. కానీ అది తెచ్చింది బొమ్మలతోటి ఆడినోళ్లు కాదు గద సార్.

సారు: ఆపింది సుత వాళ్లు కాదు. నేను అనేది గంతే. ఇంకో పెద్ద భయం ఉన్నది నాకు. రజాకారు బొమ్మకు రంగు ఎట్ల ఏసినవు? టోపీ, గడ్డం పెట్టినవా?

ఆటగాడు: ఖాకీ బట్టలు, గంతే. మీ భయం నాకు అర్థమైంది.

సారు: అర్థమైతే మంచిదే. పోరలకు బొమ్మ చూస్తే మతం యాదికి రావద్దు. విసునూరు దొరకు ఎదురు తిరిగి ప్రాణం ఇచ్చిన షేక్ బందగీ ఎవరు? రజాకార్లను ఎదిరించి రాసినందుకు ఇమ్రోజ్ పత్రిక సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను హైదరాబాదుల చంపింది సుత అదే 1948 ఆగస్టుల. సెప్టెంబర్ 17న నిజాం లొంగినంక ఏం జరిగింది? నెహ్రూ పంపిన సుందర్‌లాల్ కమిటీ 27 వేల నుంచి 40 వేల మంది దాక ప్రాణాలు పోయినయని అంచనా వేసింది. ఎక్కువ మంది మామూలు ముస్లింలు, ఎక్కువ శాతం మరాఠ్వాడా, కన్నడ జిల్లాలల్ల. ఆ నివేదికను ఏండ్ల తరబడి బయటవెట్టలే. బల్ల మీద రెండే రంగులుంటే ఈ మనుషులు ఏ రంగుల పడతరు?

ఆటగాడు: రెండు రంగుల పడరు. అందుకే మూడో కుర్చీల బొమ్మలకు నేను రంగే ఎయ్యలే. మట్టి రంగుల వదిలేసిన. ఎవరి ఇల్లో, ఏ మతమో తెల్వదు. తెల్వద్దు సుత. సార్, యుద్ధంల మామూలు మనుషులను కాపాడాలని జెనీవాల ఒప్పందం రాసుకున్నది 1949 ఆగస్టు 12న. బైరాన్‌పల్లి జరిగిన ఏడాదికి. లోకం సుత ఆ కుర్చీ గురించి ఆలస్యంగనే ఆలోచించింది. 2013ల రెడ్‌క్రాస్ అంతర్జాతీయ కమిటీ వీడియో ఆటలు చేసెటోళ్లను ఒకటి అడిగింది. ఆటలు ఆపుమని కాదు, ఆటల మామూలు మనుషులను కొడితే దానికి ఫలితం ఉండాలె అని. నేను అడిగేది సుత గంతే. వద్దు అనకుండ్రి, ఎట్లనో చెప్పుండ్రి.

సారు: ఎట్లనో నాకు తెల్వదు. వద్దు అని గట్టిగ అననీకి వచ్చిన, ఆ మాట సగమే మిగిలింది. సందు సంగతి, దర్వాజ సంగతి, 'నిలబడగలం' అన్న సంగతి నీ కాడ నేర్చుకున్న. కానీ ముసలమ్మకు రెండు, బర్రెకు మూడు అన్నది నా చెవులకెల్లి పోతలేదు.

ఆటగాడు: నా చెవులకెల్లి సుత పోతలేదు. ఇప్పుడు సుత పాచిక పట్టుకుంటే చెయ్యి ఆగుతది ఒకసారి. కానీ ఆట ఆడకపోతే ఆ మాట నాకు వినవడకపోవు సార్. వచ్చే ఆదివారం మూడో కుర్చీ ఖాళీ ఉన్నది. మీరు కూసుంటరా?

సారు: కూసుంట. ముందే చెప్తున్న, ఎవరు లెవ్వుమన్నా నా బర్రె సందుల నుంచి లెవ్వది. దానికి ముందు నువ్వొక పని చెయ్యి. నీ పోరలను తీస్కొని బైరాన్‌పల్లికి పో. టేపు సుత పట్టుకపో, బురుజును చుట్టూత కొలువు, ఎత్తు చూడు, మీది నుంచి ఎంత దూరం కనవడతదో చూడు. కొలిచినంక కిందికి దిగి జరసేపు ఊకె నిలబడుండ్రి. ఆ తర్వాత గోడకు ఎంత నంబరు పెడతవో నీ ఇష్టం, నేను అడగ. పేపర్ల, పుస్తకాలల్ల వెతుకుడు ఎందుకు? బురుజు ఇంక నిలబడే ఉన్నది.